నువ్వు మామూలుగానే అడిగావ్, వాడికి నిలదీసినట్టు వినపడింది

నాన్నా,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చదివాను. నీ ఫ్రెండ్ "నిద్ర పట్టట్లేదు, ఈ మధ్య రాత్రిళ్ళు వీడ్ తాగుతున్నా" అని గంజాయి సంగతి చెప్పాడు, నువ్వు "రోజూనా?" అన్నావ్, అంతే, "నీకెందుకు రా, మందు కొట్టేవాళ్ళని ఎప్పుడైనా ఇలా అడిగావా" అని వాడు లేచాడు, "అడిగితే తప్పా" అని నువ్వు తగులుకున్నావ్, ఇంక అక్కడ్నించి ఎంత కిందకి జరిపినా నిద్ర ఊసే లేదు.

నువ్వడిగిందాంట్లో తప్పేం లేదురా. కానీ అదే మాట ఎదురుగా కూర్చుని అడిగుంటే నీ గొంతు వినపడేది, నీ మొహం కనపడేది. టైప్ చేస్తే ఉత్త అక్షరాలే వెళ్తాయ్, గొంతు చదివేవాడే పెట్టుకోవాలి, గంజాయి మాట వచ్చేసరికి వాడు పెట్టుకునే గొంతు ఇంతకుముందు వాణ్ణి తిట్టినవాళ్ళది. ఇన్నేళ్ళు కౌన్సెలింగ్ గదిలో కూర్చుని చూశాను కదా, తాగేవాళ్ళు సగం జవాబులు మనకి చెప్పరు, ఇంట్లోవాళ్ళకి అప్పుడు చెప్పలేకపోయినవి మనకి చెప్తారు.

దీని మీద 2005లో క్రూగర్, ఎప్లీ అనే సైకాలజిస్టులు ఒక స్టడీ చేశారు. మెయిల్‌లో ఒక మాట సీరియస్‌గా రాశారా వెటకారంగా రాశారా అన్నది చదివేవాళ్ళు నూటికి 78 సార్లు కనిపెడతారని రాసినవాళ్ళు అనుకున్నారు, తీరా కనిపెట్టింది 56 సార్లు. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. అదే గొంతుతో చెప్పినప్పుడు 73. మనసులో ఉన్నది అవతలివాడికి తెలిసిపోయిందని మనం ఊరికే అనుకుంటాం, అక్కడే వస్తుంది తంటా అంతా.

అందుకని ఎందుకు అడుగుతున్నావో ఆ మెసేజ్‌లోనే చెప్పెయ్. "రోజూనా? రోజూ తాగి ఒక్కసారిగా ఆపేస్తే కొన్నాళ్ళు నిద్ర ఇంకా పాడవుతుందంట, అందుకే అడుగుతున్నా" అని. ఇది నిజం కూడా, ఆపిన ఒకట్రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, పిచ్చి కలలు మొదలై మొదటి వారం ఎక్కువగా ఉంటాయ్, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు చూసే పుస్తకం డీఎస్ఎం-5 అని 2013లో వచ్చింది, అందులో దాన్ని విత్‌డ్రాయల్, అంటే మానేసినప్పుడు వచ్చే ఇబ్బంది కింద పెట్టారు. వాడికి ఆ ముక్క తెలీదనుకో, ఆపినప్పుడు నిద్ర పట్టకపోతే "చూశావా, అది లేకపోతే నాకు నిద్రే రాదు" అని మళ్ళీ దాని దగ్గరికే పోతాడు. నీ ప్రశ్న వాడికి అంత పనికొచ్చేది, ఒక్క పదంలో చుట్టేశావ్ కాబట్టి పోయింది.

"మందు సంగతేంటి" అన్నాడంటే వాడు వాదానికి వచ్చాడనుకోకు, తగిలింది వాడికి. అక్కడ మందు గొప్పా గంజాయి గొప్పా అని లెక్కలు తీశావో ఇద్దరూ తెల్లారేదాకా కొట్టుకుంటారు. 1983లో విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు తాగుడు మానలేనివాళ్ళ గురించి రాస్తూ ఇదే చెప్పాడు, మనం ఆపమని ఎంత వాదిస్తే వాళ్ళు తాగడానికి అన్ని కారణాలు చెప్తారు, అలా చెప్పీ చెప్పీ వాళ్ళే వాటిని నమ్మేస్తారు. "నిజమే, మందు కూడా చెడ్డదే, నేను నీ నిద్ర గురించే అడిగాను" అను, ఇంక ఆపెయ్.

ఇంకోటి, అవతలివాడు ఏ దేశంలో ఉన్నాడో చూసుకో. కెనడాలో 2018 నుంచి పెద్దవాళ్ళకి లీగల్, జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి కొంత మేరకి ఓకే, సింగపూర్‌లో అర కేజీ దాటి అక్రమ రవాణా చేస్తే ఉరి. ఒకడికి కాఫీ ముచ్చట లాంటిది ఇంకొకడికి జైలు భయం, ఎక్కడ దొరుకుతుందని గ్రూపులో సరదాకి అడిగినా ఆ రెండోవాడు ఉలిక్కిపడతాడు, అది కోపం కాదు.

నీకే ఎవడైనా "నువ్వు అడిక్ట్ అయ్యావ్" అని పెడితే వెంటనే టైప్ చెయ్యకు. "ఏం చూసి అలా అనిపించింది?" అని అడుగు. గంజాయిని వైద్యానికి వాడతారు కదా అని మాత్రం పోట్లాడకు, 2018లో అమెరికాలో అప్రూవ్ చేసింది పిల్లల్లో వచ్చే మొండి మూర్ఛలకి గంజాయిలో ఉండే సీబీడీ అనే పదార్థంతో చేసిన మందుని, మత్తెక్కించేది అందులోనే ఉండే టీహెచ్‌సీ అనే ఇంకో పదార్థం, రెండూ కలిపేసి మాట్లాడితే నీ మాట ఎవరూ వినరు. వాడు గ్రూపులో అన్నా నువ్వు విడిగా మెసేజ్ పెట్టు, పదిమంది చూస్తుంటే ఎవడూ వెనక్కి తగ్గడు.

ఒక్క చోట మాత్రం టోన్ గురించి ఆలోచిస్తూ కూర్చోకు. ఎవడైనా "గంటైంది, గంజాయి కుకీ ఏం ఎక్కట్లేదు, ఇంకోటి తినేశా" అని పక్కన నవ్వే ఎమోజీ పెట్టాడనుకో, జోకేమో అని వదిలెయ్యకు. తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయ్. "ఇంక తినకు, పక్కన ఎవరున్నారు, బండి తియ్యకు" అని పెట్టు, జవాబు రాకపోతే ఫోన్ చెయ్. ఛాతీలో నొప్పన్నా, ఊపిరాడట్లేదన్నా, మాట తేడాగా వస్తున్నా అంబులెన్స్‌కి చెప్పు. జోకే అయితే వాడు రేపు నిన్ను ఆటపట్టిస్తాడు, పట్టించనీ.

పెద్దమ్మ