కార్పొరేటర్ అవుతానంటున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా చిన్నమ్మాయికి 25 ఏళ్లు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. మనవడిని బయట తిప్పుదామంటే మా వీధిలో ఫుట్‌పాత్ లేదు, పిల్లలు ఆడుకునే చోటు లేదు అని మొదలుపెట్టి, ఇప్పుడు ఉద్యోగం మానేసి వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్‌గా నిలబడతానంటోంది. ముందు ఏదో పొలిటికల్ లీడర్‌షిప్ కోర్సు చేస్తుందట. గ్రూప్-1, పబ్లిక్ పాలసీలో పీజీ, ఎన్నికలు... ఈ మూడింటిలో ఏది మేలో పోల్చి, తనకు మీరే నచ్చజెప్పండి.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా ఏళ్లుగా వస్తున్నాయి. ఒకప్పుడు ఫ్యాషన్ డిజైనింగ్, తర్వాత స్టార్టప్, ఇప్పుడు రాజకీయం. పేరు మారుతుంది గానీ కింద ఉన్న భయం మారదు. మనం నడవని దారిలో పిల్లలు పడిపోతే లేపేవాళ్లు ఎవరు? ఆడపిల్ల అయితే ఇంకో భయం కూడా ఉంటుంది. జెండా పట్టుకుని వీధుల్లో తిరిగితే సంబంధాలు వస్తాయా అని. మీరు అది రాయలేదు, నేను రాసేశాను. కోపగించుకోకండి. ఆ భయాన్ని కెరీర్ ప్రశ్నగా మార్చి అడిగితే సరైన జవాబు దొరకదు.

మొదట మీ అమ్మాయి ఆలోచన సంగతి. అది పిచ్చి కాదు. మూడేళ్ల బిడ్డ సగటు ఎత్తు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూస్తే నగరం ఎలా కనిపిస్తుందనే ప్రశ్న మీద ప్రపంచంలో చాలా నగరాలు పనిచేస్తున్నాయి. మన దేశంలోనూ ఐదేళ్లలోపు పిల్లల కోసం వీధుల్ని, పార్కుల్ని మార్చే కార్యక్రమం 2020లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ మొదలుపెడితే మన కాకినాడ, వరంగల్ అందులో ఎంపికయ్యాయి. ఫుట్‌పాత్, పార్కు, వీధి దీపం, కాలువ, చెత్త, మరుగుదొడ్డి... ఇవన్నీ కార్పొరేషన్ పనులే. పిల్లలున్న ఇంటికి ఎమ్మెల్యే కన్నా ఎక్కువగా అవసరపడేది కార్పొరేటరే.

కానీ అమ్మాయికి కూడా కొన్ని చేదు మాటలు చెప్పాలి. కార్పొరేటర్ చేతిలో సంతకం ఉండదు. పనులు నడిపించే అధికారం కమిషనర్‌ది. బస్సులు ఆర్టీసీవి, ట్రాఫిక్ పోలీసులది, అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది. కౌన్సిల్‌లో అడగడం, కొద్దిమంది కార్పొరేటర్లే ఉండే స్టాండింగ్ కమిటీలో చోటు దొరికితే అక్కడ పట్టుబట్టడం, అధికారుల చుట్టూ తిరిగి పని చేయించడం, ఇదే అసలు ఉద్యోగం. దీనికి వచ్చే గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. గడుస్తోందంటే వేరే డబ్బు ఎక్కడి నుంచో వస్తోందని అర్థం.

ఇంకా పెద్ద చిక్కు కాలం. మీ నగరమే చూడండి. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిస్తే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు! 2012లో ఉద్యోగం మానేసి కూర్చున్న పాతికేళ్ల అమ్మాయికి పోలింగ్ రోజుకి ముప్పై నాలుగేళ్లు వచ్చేవి. వార్డు రిజర్వేషన్ కూడా మారుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక వార్డులో తిరిగాక అది వేరే వర్గానికి వెళ్లిపోవచ్చు. 2021లో 98 వార్డుల్లో స్వతంత్రులు గెలిచింది నాలుగింట్లోనే. అంటే పార్టీ టికెట్ కోసం ఎదురుచూడాలి. గెలిచాకా ఒత్తిళ్లు ఆగవు. 2025 ఏప్రిల్‌లో మీ మేయర్‌ను అవిశ్వాసంతో దించినప్పుడు కార్పొరేటర్లు పార్టీలు మారడం మీరంతా చూశారు.

ఆ లీడర్‌షిప్ కోర్సు విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే ఇలాంటి కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. అక్కడ మైకు పట్టుకుని మాట్లాడటం నేర్పుతారు, ఫొటోలు బాగా వస్తాయి. నాలుగు రోజులుగా నీళ్లు రాని వీధికి వెళ్లి ఆడవాళ్ల కోపాన్ని నిలబడి వినడం ఏ తరగతి గదిలోనూ రాదు. ఎన్నికల సమయంలో పార్టీలకు ప్రచారం నడిపే పొలిటికల్ కన్సల్టెన్సీల్లో చేరే కుర్రకారు కూడా నా దగ్గరికి వస్తుంటారు. సర్వేలు, రీల్స్, వార్ రూమ్ అని నెలల తరబడి రాత్రీపగలూ పనిచేస్తారు. ఫలితాలు వచ్చిన మర్నాడు చాలామందికి ఉద్యోగం ఉండదు. అందులో కొందరు బాగుపడ్డారు, కాదనను. కానీ వాళ్లు నేర్చుకున్నది పార్టీని గెలిపించడం. మీ అమ్మాయికి కావలసింది వీధిని బాగుచేయడం. ఆ రెండూ ఒకటి కాదని తను తెలుసుకోవాలి. ఆ ఫీజు డబ్బు బ్యాంకులో ఉంచమనండి.

ఇప్పుడు మీకు ఒక మాట. మన రాష్ట్రంలో సగం వార్డులు మహిళలవే. గెలిచిన చాలాచోట్ల కుర్చీలో కూర్చునేది భర్తో, తండ్రో, అన్నో. "ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకు" అని ముందు అడ్డుపడిన తండ్రే, తర్వాత కూతురి తరఫున ఫోన్లెత్తి పంచాయితీలు చేస్తాడు. రెండూ తప్పే. 2020 డిసెంబరులో తిరువనంతపురం మేయర్ అయినప్పుడు ఆర్య రాజేంద్రన్‌కు 21 ఏళ్లు, ఇంకా డిగ్రీ విద్యార్థిని. మీ అమ్మాయి సొంత సంపాదన ఉన్న మనిషి. తనకు నచ్చజెప్పే పని నాకు అప్పగించకండి, ఎదురుగా కూర్చుని ముందు తను చెప్పేది వినండి.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా. గ్రూప్-1తో మున్సిపల్ కమిషనర్ కావచ్చు, సంతకం చేతికి వస్తుంది, కానీ ఏ ఊళ్లో పనిచేయాలో తన చేతిలో ఉండదు. ఇష్టం లేకుండా కూర్చుంటే మూడు నాలుగేళ్లు ఇట్టే కరిగిపోతాయి. పాలసీ పీజీ కన్నా, నగరం మీదే ధ్యాస ఉన్న పిల్లకు ప్లానింగ్‌లో పీజీ మేలని నా అభిప్రాయం. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మన రాష్ట్రంలోనే ఉంది. ఎన్నికల్లో నిలబడటాన్ని మాత్రం ఈ రెండింటి పక్కన పెట్టి తూచలేం. అది జీవనోపాధి కాదు, ఉపాధి ఉన్న మనిషి చేసే పని.

అందుకని ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. విశాఖ నుంచి పనిచేసే వీలుందా అని కంపెనీని అడగమనండి. శని, ఆదివారాలు వార్డులో తిరగాలి. పిల్లలు ఏ దారిన బడికి వెళ్తున్నారో, ఎక్కడ దీపం లేదో, ఏ మ్యాన్‌హోల్ తెరిచి ఉందో రాసుకోవాలి. వార్డు సచివాలయంలో సౌకర్యాలు చూసే అమెనిటీస్ సెక్రటరీతో, పారిశుద్ధ్యం చూసే శానిటేషన్ సెక్రటరీతో పరిచయం పెంచుకోవాలి. పదవి లేకుండానే ఒక్క పార్కుకు ఊయల తెప్పించగలిగితే, ఆ వీధిలో తన పేరు ఎవరూ మరిచిపోరు. ఖర్చు విషయంలో మీ ఇద్దరూ ముందే ఒక మొత్తం అనుకోండి, ఇల్లు తాకట్టు పెట్టే మాటే వద్దు. ఓడిపోయినా ఉద్యోగం ఉంటుంది, వార్డు ఉంటుంది, వయసూ ఉంటుంది. మీరు అనుకుంటున్నంత నష్టం ఇందులో లేదు.

ఒక్కటి వెంటనే చూడండి. కార్పొరేషన్‌కు పోటీ చేయాలంటే ఆ నగర ఓటర్ల జాబితాలో పేరుండాలి. హైదరాబాద్ వెళ్లాక తన ఓటు అక్కడికి మార్పించుకుందేమో ఈ రాత్రికే ఫోన్ చేసి అడగండి.