సోడాకి బంగారు రంగు ఎలా వస్తుందంటే...

"మద్యం కంపెనీలు తమ ప్రకటనలను తామే అదుపులో పెట్టుకుంటాయా?" అని నన్నొకరు అడిగారు. పెట్టుకోవు. కొన్నేళ్లు యాడ్ ఏజెన్సీలో ఆర్ట్ విభాగంలో పనిచేశాను కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

మన దేశంలో టీవీలో మందు ప్రకటన వేయకూడదు. అందుకని అదే పేరుతో సోడాలు, మంచినీళ్లు, మ్యూజిక్ సీడీలు పుట్టుకొస్తాయి. మాకొచ్చిన పని కూడా అలాంటి సోడాదే. షూటింగ్‌లో సోడా పోసి చూస్తే మామూలు నీళ్లలా ఉంది. కంపెనీ తరఫున వచ్చిన మేనేజర్ మానిటర్ చూసి పెదవి విరిచాడు. "ఫీల్ రావట్లేదు సార్" అన్నాడు. కెమెరామన్‌కి విషయం అర్థమైపోయింది. పొడుగు గ్లాసు తీయించి, అడుగు మందంగా ఉండే పొట్టి గ్లాసు పెట్టించాడు. ఆ గ్లాసు ఆకారానికే బంగారు రంగు కాగితం కత్తిరించి, కెమెరాకి కనబడకుండా వెనకాల నిలబెట్టి లైటు వేశాడు. అంతే, సోడా కాస్తా పెగ్గయి కూర్చుంది! పైన రెండు యాక్రిలిక్ ఐసు ముక్కలు (అసలువి లైట్ల వేడికి నిలవవు). మేనేజర్ మొహం వెలిగిపోయింది. స్క్రిప్టు ఎవరు చదివినా తప్పు పట్టలేరు, అందులో ఉన్నది సోడాయే మరి.

ఇలాంటివాటిని చూడ్డానికి 1985లో పుట్టిన ఆస్కీ (అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) ఉంది. ప్రకటనలిచ్చేవాళ్లు, తీసేవాళ్లు, వేసేవాళ్లు కలిసి పెట్టుకున్న సంస్థ అది. తీసేయమనో, మార్చమనో చెబుతుంది గానీ జరిమానా వేసే అధికారం లేదు. ఆ మాట చెప్పేసరికి, ప్రకటన వేసుకున్న క్రికెట్ సీజన్ కాస్తా అయిపోతే ఎవరికేం నష్టం? 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ ముసుగు ప్రకటనలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. పెద్ద బ్రాండ్లకు అది చిల్లర.

నాకు ఒళ్లు మండేది మాత్రం కంపెనీలు చెప్పే 'బాధ్యతగా తాగండి' అన్న మాటకి. ఎన్ని పెగ్గులు దాటితే బాధ్యత తప్పినట్టో ఎక్కడా చెప్పరు. బరువంతా తాగేవాడి నెత్తిన పెట్టి అమ్మేవాడు చేతులు దులుపుకుంటాడు. పైగా పక్కన బ్రాండ్ పేరు వేస్తే అది ఇంకో ప్రకటన, ఖర్చు మాత్రం సమాజసేవ ఖాతాలోకి. ఇంగ్లండ్ లెక్కలతో 2018లో ఒక పరిశోధన వచ్చింది. అక్కడ మద్యం అమ్మకాల రాబడిలో 68 శాతం, ప్రభుత్వం సూచించిన మోతాదు దాటి తాగేవాళ్ల నుంచే వస్తోందట. అందరూ ఆ మోతాదులోనే తాగితే రాబడి 38 శాతం పడిపోవచ్చట. ఏ కంపెనీ కోరుకుంటుంది దాన్ని? మన దగ్గర లెక్క వేరేగా ఉంటుందని నేననుకోను.

ఫ్రాన్స్‌లో 1991లో ఎవాన్ చట్టం తెచ్చి టీవీలో, సినిమా హాళ్లలో మద్యం ప్రకటనలు మాన్పించారు. మిగతా చోట్ల ఏం చూపించవచ్చో కూడా చట్టంలోనే రాశారు. కంపెనీల మనస్సాక్షికి వదిలేయలేదు.

ఈ ప్రకటనల్లో నటించే మన స్టార్ల సంగతి ఎత్తితే పొద్దుపోతుంది. నా కుతూహలమల్లా ఆ మ్యూజిక్ సీడీల మీదే. ఇళ్లలో సీడీ ప్లేయర్లు మూలనపడ్డాక కూడా వాటి ప్రకటనలు ఆగలేదు. దుకాణంలో ఒక్కటైనా కనబడితే కొందామని చూస్తున్నాను, పాటలు ఎవరు పాడారో తెలుసుకోవాలనుంది.