ఎం.ఏ. తెలుగు చదివాను, పుస్తక ప్రచురణలో ఉద్యోగానికి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

ప్రశ్న: ఈ ఏడాది ఎం.ఏ. తెలుగు పూర్తి చేశాను. విజయవాడలో ఏడాదికి పది పన్నెండు పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థ వాళ్లు సోమవారం వచ్చి కలవమన్నారు. "కంప్యూటర్ పని వస్తుందా?" అని ఫోన్లో అడిగారు. నాకు వర్డ్‌లో టైపు చేయడం తప్ప ఏమీ రాదు. 45 వేలు కట్టి గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేరమని స్నేహితులు అంటున్నారు. నాన్నగారేమో "పీజీ చదివి డీటీపీ షాపులో కూర్చుంటావా?" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు మేడం?
– ఒక విద్యార్థిని, గుడివాడ

జవాబు: ముందు ఆ 45 వేలు ఎవరికీ కట్టకండి. అలాంటి కోర్సుల్లో లోగోలు, పోస్టర్లు బాగానే నేర్పుతారు. రెండు వందల పేజీల తెలుగు పుస్తకాన్ని పేజీల్లో ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు మాత్రం నాకింతవరకు తారసపడలేదు.

చిన్న ప్రచురణ సంస్థలో మీరు భయపడేంత సరంజామా ఉండదు. ఒకటో రెండో కంప్యూటర్లు, ప్రూఫులు తీసుకోవడానికి లేజర్ ప్రింటరు, పార్సిళ్లు తూచే కాటా, టేపు, అట్టపెట్టెలు. అచ్చు వేసే ప్రెస్సు చాలాసార్లు వేరేవాళ్లదే. మనుషులు కూడా తక్కువే కాబట్టి ప్రూఫులు దిద్దిన చేత్తోనే సాయంత్రం పార్సిలూ కట్టాలి. కంప్యూటర్ పని వస్తుందా అని వాళ్లు అడిగింది ఇదంతా కలిపి.

అసలు చిక్కు ఫాంట్ల దగ్గరుంది. మన డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతో పుస్తకాలు కంపోజ్ చేశారు. పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షన్ లేదు, అయినా ఇప్పటికీ కొన్ని చోట్ల నడుస్తూనే ఉంది. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. మీరు ఫోన్లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి. సంస్థ దగ్గరున్న పాత పుస్తకాన్ని మళ్లీ వేయాలన్నా, ఈ-బుక్ చేయాలన్నా ఆ పాత ఫైలు యూనికోడ్‌లోకి మారాలి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులో, సున్నాలో ఎక్కడో ఒకచోట తేడా కొడతాయి. కూర్చుని అక్షరం అక్షరం చూసుకోవాల్సిందే. ఎం.ఏ. తెలుగు అక్కడ పనికొస్తుంది. శకటరేఫం (బండి ఱ) ఎక్కడుండాలో, ఏది అచ్చుతప్పో, ఏది రచయిత కావాలని రాసిన మాండలికమో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, మీకు తెలుసు.

పేజీలు పెట్టడానికి ఇప్పుడు ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడే ప్రమాదం ఉంది. కొత్తవాళ్లు ఏడ్చేది ఇక్కడే. దాని చందా ఖరీదెక్కువ, ఇంట్లో నేర్చుకోవడానికి ఉచితంగా దొరికే స్క్రైబస్ చాలు. మండలి, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ప్రెస్సుకి మాత్రం ఎప్పుడూ ఫాంట్లు లోపలే పొదిగిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ మాత్రమే పంపండి. నేను ఒకసారి వ్యాసాల పుస్తకం వేయించుకుంటూ వర్డ్ ఫైలు పంపాను. అక్కడ ఆ ఫాంటు లేదు, వేరేది వచ్చి కూర్చుంది, పేజీలన్నీ జరిగిపోయాయి. విషయసూచికలో ఒక్క నంబరూ కలవలేదు. ఆ కాపీలు ఇప్పటికీ మా అటక మీదే ఉన్నాయి.

లెక్కలు కొన్ని తెలియాలి. పుస్తకం మామూలుగా పదహారు పేజీల ఫారాల్లో అచ్చవుతుంది, ఫారం అంటే మడిస్తే అన్ని పేజీలయ్యే పెద్ద కాగితం. 176 పేజీలంటే సరిగ్గా 11 ఫారాలు. 179 వచ్చిందనుకోండి, ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం మొదలై ఖర్చు పెరుగుతుంది. వరుసల మధ్య ఖాళీ కాస్త తగ్గించో, శీర్షికలు పైకి జరిపో ఆ మూడింటినీ మింగించడం లేఅవుట్ చేసేవాళ్ల పనితనం. కవరుకి వెన్ను మందం కావాలంటే అంచనాలు వేయకుండా ప్రెస్సు నుంచి అదే కాగితంతో డమ్మీ (అచ్చు లేని నమూనా పుస్తకం) తెప్పించుకుని స్కేలు పెట్టి కొలవండి.

మిగతావి వారంలో వచ్చేస్తాయి. పుస్తకాన్ని గుర్తించే నంబరు ఐఎస్‌బీఎన్‌కి రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, రుసుము లేదు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ సున్నా. స్టాకు ఎక్సెల్లో, ఆర్డర్లు వాట్సాప్‌లో, డబ్బులు యూపీఐలో. 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, ఇంకో మూడు గ్రంథాలయాలకు కాపీలు పంపాలి. చాలామంది మర్చిపోయే పని ఇది, మీరు గుర్తుచేస్తే సంతోషిస్తారు.

ఈ నాలుగు రోజుల్లో ఒక పని చేయండి. రచయిత పోయి 60 ఏళ్లు దాటిన చిన్న కథ ఒకటి తీసుకోండి, దానికి కాపీరైట్ బాధ ఉండదు. పాత పుస్తకంలోంచి ఫోన్‌తో ఫొటోలు తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు టెక్స్టుగా వస్తాయి. తప్పులు దిద్ది, స్క్రైబస్‌లో డెమ్మీ సైజులో (మామూలు పుస్తకం సైజు) పదహారు పేజీలు పెట్టి, జెరాక్స్ షాపులో తీయించి పిన్ను కొట్టించండి. అందంగా లేకపోయినా ఫరవాలేదు.

నాన్నగారితో ఒక మాట. డీటీపీ షాపులో ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టాలి. ఇక్కడ ఏది ఎలా ఉండాలో తేల్చేది మీ అమ్మాయి. జీతం మొదట్లో తక్కువే ఉంటుంది, అది దాచను. రెండేళ్లు చేశాక చదువు కొనసాగించాలంటే ఇగ్నోలో పుస్తక ప్రచురణ మీద పీజీ డిప్లొమా ఉంది, ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు.

సోమవారం ఆ పదహారు పేజీలు చేతిలో పట్టుకెళ్లండి. "మీ పాత పుస్తకాల ఫైళ్లు అనులో ఉన్నాయా, యూనికోడ్‌లో ఉన్నాయా?" అని మీరే వాళ్లని అడగండి. అనులోనే ఉన్నాయంటే, వాటిని మార్చే పని ఎవరు చేస్తున్నారో కూడా అడగండి.