ఆ అమ్మాయి పొట్టకి నా పాదాలు ఆనించుకుంది అక్కా!

ప్రశ్న: అక్కా, మాది తెనాలి. బీటెక్ మూడో ఏడాది, ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ కోసం జనవరిలో నార్వే వచ్చాను. ఫిబ్రవరిలో ఇక్కడి స్టూడెంట్లు ఆరుగురితో కలిసి స్కీల మీద కొండల్లోకి మూడు రోజుల ట్రిప్‌కి వెళ్లాను. మొదటిరోజు నేనే అందరికంటే వెనక. క్యాబిన్ చేరాక ఒళ్లు హూనమై బెంచీ మీద కూలబడ్డాను, కట్టెలు, నీళ్లు, వంట అన్నీ వాళ్లే చూసుకున్నారు. నన్నెవరూ ఏమీ చెయ్యమనలేదు, చెబితే చేద్దామని నేనూ చూస్తూ కూర్చున్నాను. రెండోరోజు కాలివేళ్లు మొద్దుబారిపోయాయి, మళ్లీ నావల్ల ఆగాల్సొస్తుందని గంటసేపు నోరు మెదపలేదు. చివరికి తూలి పడితే లీడరమ్మాయి గమనించింది. అందరం గాలి తగలకుండా ఒక పెద్ద గుడ్డసంచిలో దూరాం, నా బూట్లు విప్పించి, తన జాకెట్ తెరిచి నా పాదాలు తన పొట్టకి ఆనించుకుంది. పొరపాటున కాలు తగిలితేనే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగాను, ప్రాణం చచ్చిపోయింది. ట్రిప్ ఆపేసి అందరం వెనక్కి వచ్చేశాం. తను కోపంగా అన్నది ఒక్కటే, ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ అని. మార్చి చివర్లో మళ్లీ వెళ్తూ నన్నూ పిలిచారు. మొహమాటానికి పిలిచారా? వెళ్లనా, మానెయ్యనా?

జవాబు: వెళ్లు తల్లీ. మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లు ఓస్లోలో ఉన్నాను, మొహమాటానికి మనిషిని కొండల్లోకి తీసుకెళ్లేవాళ్లు నాకక్కడ ఒక్కరూ కనబడలేదు.

నువ్వు నెమ్మదిగా నడవడం వాళ్లకి సమస్యే కాదు. నీ తప్పల్లా ఆ గంటసేపు మాట్లాడకపోవడం. వేళ్లు నొప్పెడుతున్నప్పుడు చెప్పి ఉంటే ఐదు నిమిషాలు ఆగి, కాళ్లు ఊపి, సాక్సులు మార్చుకుంటే సరిపోయేదేమో. చలిలో నొప్పి ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, స్పర్శ పోయిందని, భయపడాల్సింది అప్పుడే. ఇబ్బంది పెట్టకూడదని నువ్వు దాచావు, దాంతో ఏడుగురూ వెనక్కి రావాల్సొచ్చింది. అలా వచ్చినందుకు మాత్రం సిగ్గుపడకు. ‘వెనక్కి తిరగడంలో సిగ్గు లేదు’ అనేది అక్కడి కొండ నియమాల్లోనే ఉంది, మొత్తం తొమ్మిదిలో ఎనిమిదోది. 1967 ఈస్టర్ సెలవుల్లో కొండల్లో వరసగా ప్రాణాలు పోయాక రెడ్‌క్రాస్, ట్రెక్కింగ్ అసోసియేషన్ కలిసి ఈ నియమాలను ఊరూరా ప్రచారం చేశాయి. ఇప్పుడు అక్కడి పిల్లలకి కూడా తెలుసు.

పాదాల సంగతి. నాకూ నవ్వొచ్చింది, పాపం అనిపించింది కూడా. తిమ్మిరెక్కిన వేళ్లని రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు, మనిషి ఒంటి వేడి తగలనివ్వాలి, అందుకు పొట్టకంటే వెచ్చని చోటు అక్కడ ఏముంది చెప్పు? రేపు నువ్వూ ఎవరి పాదాలైనా అలా పెట్టించుకోవాల్సి రావచ్చు. అన్నట్టు, వేసుకెళ్లినవి కాటన్ సాక్సులేనా, అవీ రెండు జతలు ఒకదాని మీద ఒకటి? బూటు బిగిసి రక్తం ఆడకపోతే ఎన్ని తొడిగినా చల్లబడతాయి. ఊలు సాక్సులు కొనుక్కో, లోపల వేళ్లు ఆడేంత చోటుండాలి.

ఇక క్యాబిన్ సంగతి, ఇక్కడ కొంచెం కోప్పడతాను. అక్కడి సెల్ఫ్ సర్వీస్ క్యాబిన్లలో పనివాళ్లుండరు, కట్టెలు కొట్టడం, మంచు కరిగించడం, వెళ్లేముందు ఊడ్చి పెట్టడం అన్నీ వచ్చినవాళ్లే చేసుకోవాలి. మన ఇళ్లలో చుట్టాన్ని ‘మీరు కూర్చోండి’ అంటాం, వాళ్లు అనరు, అలాగని లేచి చెయ్యమనీ అనరు. మరి మీ పెద్దమ్మగారింట్లో పెళ్లయితే నీకెవరైనా పని చెబుతారా? కత్తిపీట ఖాళీగా కనిపిస్తే ముందేసుకుని కూర్చోవూ? అదే అనుకో. చేరగానే బూట్లు విప్పకముందే గిన్నె పట్టుకెళ్లి మంచు తీసుకురా. గిన్నెలో ముందు కాసిన్ని నీళ్లు పోసి ఆపైన మంచు వెయ్యాలి, లేకపోతే అడుగంటి మాడువాసన వస్తుంది. పది లీటర్ల కొత్త మంచు కరిగితే లీటరు నీళ్లొస్తే గొప్ప, ఏడుగురికి ఎన్నిసార్లు తిరగాలో లెక్కేసుకో. ఈ ఒక్క పనీ నీదని చెప్పేస్తే సాయంత్రమంతా చేతినిండా పనే!

బయల్దేరేముందే లీడర్‌తో ‘నేను నెమ్మది, నన్ను నీ వెనకాలే రెండో మనిషిగా నడవనివ్వు’ అని చెప్పు. చివర ఉన్నవాళ్లు పరుగెత్తి అందుకునేలోపు ముందువాళ్ల విశ్రాంతి అయిపోతుంది, వీళ్లకి ఆగే టైమే దొరకదు. ఆగిన ప్రతిసారీ పక్కవాళ్ల ముక్కు, బుగ్గలు చూడు, తెల్లటి మచ్చ కనబడితే వెంటనే చెప్పు. ఎవరి ముఖం వాళ్లకి కనబడదు కదా.

వేయించిన ఉప్మా రవ్వలో పోపు కలిపి డబ్బాలో తీసుకెళ్లు, వేడినీళ్లుంటే చాలు. పచ్చిమిర్చి మాత్రం తగ్గించు, వాళ్లు తట్టుకోలేరు.