రుమాలు జారిన చోటు

ప్రశ్న: ఈమధ్యే షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ చదివాను. యుద్ధాల్లో రాటుదేలిన సేనాని, ఒక చేతిరుమాలు కనబడలేదని భార్యను చంపేస్తాడా? నాకే అర్థం కాలేదా, నాటకంలోనే లోపమా?

జవాబు: మీకు తోడున్నారులెండి. థామస్ రైమర్ అనే విమర్శకుడు 1693లోనే, దీనికి ‘రుమాలు విషాదాంతం’ అని పేరు పెట్టాల్సింది కదా అని వెక్కిరించాడు.

అయితే మూడో అంకం మూడో రంగం ఇంకోసారి తీయండి. ఒథెల్లో కింది అధికారి కాసియో, ఒథెల్లో భార్య డెజ్డెమోనాతో మాట్లాడి వెళ్లిపోతుంటాడు. ఒథెల్లో నమ్మే మరో సైనికుడు యాగో, తనలో తాను అనుకున్నట్టు, ‘ఊఁ, ఇది నాకు నచ్చలేదు’ అంటాడు. ఏమన్నావని ఒథెల్లో అడిగితే, ‘ఏం లేదు ప్రభూ.’ కాసేపయ్యాక ఒథెల్లో కాసియో గురించి, ‘అతను నిజాయితీపరుడు కాదా?’ అంటాడు. ‘నిజాయితీపరుడా ప్రభూ?’ ‘ఏమనుకుంటున్నావు?’ ‘అనుకోవడమా ప్రభూ?’ అడిగిన మాటనే తిరిగి అప్పజెబుతున్నాడు, అంతే. ఇందులో అబద్ధమని వేలెత్తి చూపించడానికి ఒక్క మాటా దొరకదు. పైగా అసూయ పడొద్దని జాగ్రత్తలు కూడా చెబుతాడు! తండ్రిని మోసం చేసి మిమ్మల్ని పెళ్లాడింది కదా అని మెల్లగా గుర్తుచేస్తాడు. అది వెనిస్‌లో ఆమె తండ్రి అందరి ముందూ అన్న మాటే. ‘అసలు నేను పెళ్లెందుకు చేసుకున్నాను?’ అని ఒథెల్లో అనేసరికి రుమాలు ఇంకా భార్య దగ్గరే ఉంది. చావాల్సిన నమ్మకం అప్పటికే చచ్చింది.

ఆ తర్వాత ఆమె వస్తుంది. తలనొప్పిగా ఉందంటాడు. పాపం, కట్టు కట్టబోతుంది. ‘నీ రుమాలు చాలా చిన్నది, వదిలెయ్’ అంటాడు. అది జారిపోతుంది. ఇద్దరూ చూసుకోకుండా లోపలికి వెళ్లిపోతారు. మొదటిసారి చదివినప్పుడు నేనూ ఆ వాక్యం గమనించకుండా దాటేశాను. ఏ రుమాలు కాసియోకు ఇచ్చావని ఆమెను చంపుతాడో, అది జారింది అతను ‘వదిలెయ్’ అన్నాకే.

ప్రశ్న: యాగోకు అంత పగ దేనికి?

జవాబు: ఉద్యోగం కాసియోకి ఇచ్చారంటాడు, తన భార్యతో ఒథెల్లోకు సంబంధం ఉందన్న పుకారు ఉందంటాడు. కారణాలు మారుస్తూ ఉంటాడు. షేక్‌స్పియర్‌కు మూలమైన చింతియో ఇటాలియన్ కథలో (1565) ఈ పాత్రకు డెజ్డెమోనా మీద మోహం. ఆమె పట్టించుకోకపోయేసరికి అది పగగా మారుతుంది. అక్కడ లెక్క తేలిక. నాటకంలో ఆ తేలిక దారి మూసేశారు, మంచి పనే చేశారని నా ఉద్దేశం.

ప్రశ్న: యాగో భార్య, డెజ్డెమోనా పరిచారిక ఎమీలియా ఒక్క నిజం చెబితే సరిపోయేది కదా?

జవాబు: సరిపోయేదేమో. నాకు యాగో కన్నా ఈవిడ మీదే ఎక్కువ కోపం వచ్చేది. చింతియో కథలో రుమాలు దొంగిలించింది యాగోకు మూలమైన ఆ సైనికుడే. నాటకంలో దాన్ని ఏరి మొగుడి చేతికిచ్చేది ఎమీలియా. ఎన్నాళ్లుగానో తెమ్మని సతాయిస్తున్నాడు, ఒక్కసారి సంతోషపెడదామనుకుంది. తర్వాత, రుమాలు ఎక్కడ పోయిందే అని డెజ్డెమోనా వెతుక్కుంటుంటే, ‘తెలీదమ్మా’ అంటుంది. వెంటనే ఒథెల్లో వచ్చి రుమాలేదని గద్దిస్తాడు. ఎమీలియా అక్కడే నిలబడి అంతా చూస్తుంది. అతను వెళ్లాక ఆమె అడిగే మాట: ‘ఈయనకు అసూయ కాదంటారా?’

ఆఖర్న నోరు విప్పుతుంది. మొగుడు కత్తి దూసినా ఆగదు. రుమాలు నాకు దొరికింది, నేనే ఇచ్చాను అని అరిచి చెబుతుంది, అతని చేతిలోనే చస్తుంది. దొరికిందన్న సంగతి ఒథెల్లోకు అలా తెలుస్తుంది. ఎలా జారిందో మాత్రం నాటకం ముగిసేదాకా అతనికి ఎవరూ చెప్పరు. తనకూ గుర్తు రాదు.