‘తో’ అంటే తోడేనా?

సందేహం: ‘భీముడు దుర్యోధనుడితో పోరాడాడు’ అనే వాక్యం ఇంగ్లీషు ‘ఫైట్ విత్’కు మక్కికి మక్కి అనువాదమని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. ‘తో’ అంటే తోడు కదా, శత్రువుకు ఎలా కుదురుతుంది?

సమాధానం: భేషుగ్గా కుదురుతుంది. ఇందులో ఇంగ్లీషు ప్రమేయమేమీ లేదు. ఇంగ్లీషు మన గడప తొక్కకముందే మన పద్యాల్లో వీరులు శత్రువుల ‘తోడ’ పోరారు. సంస్కృతంలోనూ ప్రత్యర్థికి తృతీయా విభక్తే వాడతారు.

మీ మిత్రుడు అనుమానించిన ‘విత్’ కథ మాత్రం తమాషాగా ఉంటుంది. పాత ఇంగ్లీషులో దాని ముఖ్యార్థం ‘ఎదురుగా, వ్యతిరేకంగా’. ‘కలిసి’ అనడానికి ‘మిడ్’ అనే మాట వేరే ఉండేది. జర్మన్ ‘మిట్’, డచ్ ‘మెట్’ దాని చుట్టాలే. కొట్లాటకైనా బేరానికైనా ఎదుట ఇంకో మనిషి ఉండాలి కదా, ఆ దారినే అర్థం జరిగి ఉంటుంది. మధ్యయుగాలు ముగిసేసరికి ‘విత్’ ఆ రెండో మాట చోటంతా ఆక్రమించేసింది. పాత అర్థం ‘విత్‌స్టాండ్’లో మిగిలింది: ఎదురొడ్డి నిలవడం. ‘మిడ్’ ఏమో ‘మిడ్‌వైఫ్’లో తలదాచుకుంది. అక్కడ ‘మిడ్’ అంటే ‘మధ్య’ అని చాలామంది అనుకుంటారు, కాదు. అప్పట్లో ‘వైఫ్’ అంటే ఏ ఆడమనిషైనా సరే. కాన్పు వేళ తోడుండే ఆడమనిషి అని ఆ మాటకు అర్థం.

మన ‘తో’ ఇందుకు తలకిందులు. తోడుగా పుట్టి, పోరుకూ వెళ్లింది. బడిలో వల్లించిన ‘చేతన్, చేన్, తోడన్, తోన్’ గుర్తుందా? ‘తోడు’ నుంచి ‘తోడ’, అది కుదించుకుపోయి ‘తో’. ‘తోబుట్టువు’లో ఉన్నదీ అదే. పక్షమా ప్రతిపక్షమా అన్నది విభక్తి చెప్పదు, క్రియ చెబుతుంది, సందర్భం చెబుతుంది. అనుమానానికి తావుంటే ‘అర్జునుడితో కలిసి పోరాడాడు’ అంటే సరిపోతుంది. ‘వీడితో పెద్ద టెన్షన్’ అన్నప్పుడు వాడు తోడూ కాదు, శత్రువూ కాదు. అయినా ఎవరికీ అర్థం కాకుండా పోదు.

ఇంగ్లీషు వాసన నిజంగా కొట్టేది ‘నాతో డబ్బు లేదు’ లాంటి వాక్యాల్లో. తెలుగులో డబ్బు మన ‘దగ్గర’ ఉంటుంది. అలాగే ‘పొడుగు జడతో అమ్మాయి’ కూడా ఎబ్బెట్టే. ‘పొడుగు జడ అమ్మాయి’ అంటే చాలు, ఏ విభక్తీ అక్కర్లేదు.