సేవాదళానికి బండి కొనేముందు

తమ్ముడూ,

మంటలార్పడానికీ, వరదలో చిక్కుకున్నవాళ్లను బయటికి తేవడానికీ ఓ పాత పికప్ కొందామనుకుంటున్నారని, ఏ కంపెనీది మంచిదో చెప్పమని రాశావు. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. ముందు బండిలోకి ఎక్కేవన్నీ బరువులతో సహా ఒక కాగితం మీద రాయండి.

డ్రైవర్ తలుపు దగ్గరో, ఇంజను గదిలోనో ఉండే ప్లేటు మీద, లోడుతో కలిపి బండి గరిష్ఠంగా ఎంత తూగొచ్చో ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ చేతిలో ఉన్నది. గరిష్ఠ బరువు 2,950 కేజీలు, ఖాళీ బరువు 1,900 అనుకుందాం. 1,050 కేజీలు మిగిలాయి, బోలెడంత అనిపిస్తుంది. బూట్లు, హెల్మెట్లతో నలుగురు మనుషులు 360. నీళ్లు 400 లీటర్లంటే 400 కేజీలు. ఖాళీ ట్యాంకు, పంపు, గొట్టం చుట్ట కలిపి 120. పనిముట్లు, తాళ్లు, స్ట్రెచర్, ప్రథమ చికిత్స పెట్టె 100. ముందు గార్డు, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించి 80. మొత్తం 1,060! బండి కదలకముందే హద్దు దాటింది, కాపాడిన మనిషికి చోటే లేదు. ఇలాంటప్పుడు ట్యాంకును 250 లీటర్లకు తగ్గించండి, లేదా పెద్ద బండి చూడండి. కమాన్లకు, అంటే చక్రాల మీద బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలకు, ఇంకో రెండు పట్టీలు వేయిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినొద్దు. వెనక భాగం పైకి లేస్తుందే తప్ప బ్రేకులు, యాక్సిల్ (చక్రాల ఇరుసు), ఛాసిస్ (బండి అడుగు చట్రం) మోసే బరువు పెరగదు. దిగుడు రోడ్డులో బ్రేకులు కాలిపోయేది ఇలాగే.

బరువు ఎక్కడ కూర్చుంటుందన్నదీ అంతే ముఖ్యం. ట్యాంకు వెనక యాక్సిల్‌కు కాస్త ముందుకు, వీలైనంత కిందికి ఉండాలి. యాక్సిల్ వెనక్కి జరిగితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది. లోపల అడ్డుపలకలు లేని ట్యాంకు అసలు కొనకండి. సగం నీళ్లున్నప్పుడు మలుపులో నీరంతా ఒక పక్కకు దూకి బండిని పడగొడుతుంది.

ఇక బండి రకం. మీ బండి ఎక్కువకాలం షెడ్డులోనే నిలబడి ఉంటుంది, పిలుపు రాగానే చల్లటి ఇంజనుతో నిండు లోడు మోస్తూ పరుగెత్తాలి. ఈ వాడకానికి కొత్త తరం డీజిల్ బండ్ల పొగగొట్టంలో ఉండే మసి ఫిల్టరు సరిపడదు. దగ్గరి ప్రయాణాలు, గంటల తరబడి ఆగినచోటే ఇంజను నడుస్తూ ఉండటం వల్ల అది పూడుకుపోతుంది. తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది, అలాంటి బండిని ఎండుగడ్డి మీద ఆపితే కొత్త మంట మనమే అంటించినట్టు. ఆ ఫిల్టరు లేని డీజిలు దొరికి, మీ దగ్గర నడపడానికి నిబంధనలు ఒప్పుకుంటే అది, లేకపోతే పెట్రోలు బండి నా ఎంపిక. ఊళ్లో ఏ మెకానిక్ అయినా విప్పగలిగే, విడిభాగాలు సులువుగా దొరికే మోడలే తీసుకోండి. రోడ్లు బాగుంటే ఫోర్ వీల్ కోసం డబ్బు పోయకండి. మంచి టైర్లున్న టూ వీల్ డ్రైవు చాలా పనులకు చాలు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు మీరు వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే చల్లటి స్టార్టింగులో ఏదో దాస్తున్నాడేమోనని అనుమానించు, మరోరోజు పొద్దున్నే రా. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, లోపలికి పోతోంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత విప్పి చూడు, అక్కడినుంచి గాలి బలంగా తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగిపోయి ఉండొచ్చు. తర్వాత కిందికి దూరి, కమాన్లు బిగించిన చోట, తొట్టి బోల్టుల దగ్గర ఛాసిస్‌ను స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడు. కొత్తగా పూసిన నల్లరంగు కింద తుప్పు గుల్లయి ఉంటే ఎంత చవకైనా వదిలేయ్. ఫోర్ వీల్ ఉంటే దాన్ని, లో గేరును మట్టి నేలమీదే పరీక్షించు. ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండికి పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పితే లోపలి గేర్లు బిగుసుకుపోతాయి.

టైర్ల దగ్గర చాలామంది మోసపోతారు. తక్కువ తిరిగిన బండికి టైరు మీది గాడులు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ముదిరిపోయి ఉంటుంది. పక్కగోడ మీది నాలుగంకెలు చూడు: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే పగుళ్లకోసం జాగ్రత్తగా వెతకాలి. పదేళ్లు దాటితే స్టెప్నీతో సహా మార్చెయ్యాలి. లోడు అంకె కూడా చదువు: 104 ఉంటే ఒక్కో టైరు 900 కేజీలు మోస్తుంది, 112 ఉంటే 1,120.

ఉన్న డబ్బంతా బండి ధరకే పెట్టొద్దు. కనీసం మూడోవంతు పక్కన ఉంచండి: టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ఆయిలు, బెల్టులు, కూలెంటు కొన్న వారంలోనే మార్చాలి. రేడియోకీ, లైట్లకీ వేరే బ్యాటరీ పెట్టి మధ్యలో రెండు బ్యాటరీలనూ విడదీసే ఐసొలేటరు వేయించండి, లేకపోతే సంఘటనా స్థలంలోనే సెల్ఫ్ తిరగదు. బ్యాటరీ నుంచి మీరు కొత్తగా వేసే ప్రతి తీగకూ బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. షెడ్డులో ఉన్నంతసేపూ చార్జ్ నిలిపే చిన్న చార్జరు తగిలించి ఉంచండి. చార్జరు తీసి, రాత్రంతా ఆపి ఉంచిన బండికి 12.6 వోల్టులు చూపాలి. 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ.

బీమా కాగితంలో అత్యవసర సేవ అని స్పష్టంగా రాయించండి. దళంలో నడిపేవాళ్లందరి లైసెన్సూ ఆ బరువు తరగతికి చెల్లుతుందో లేదో కూడా చూసుకోండి.

నచ్చిన బండి దొరికితే, అడ్వాన్సు ఇవ్వకముందే ఖాళీగా వేబ్రిడ్జి (బండ్లు తూచే కాటా) ఎక్కించి, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూయించి ఆ చీటీ నాకు పంపు. ట్యాంకు ఎక్కడ బిగించాలో లెక్కగట్టి రాస్తాను.

మీ అన్నయ్య